పడిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు?

లక్ష్మణుడికి వచ్చింది ఫిట్సు కాదు. కానీ ‘లక్ష్మణమూర్ఛ’ అనే మాట ఇవాళ పదో తరగతి పిల్లాడి దగ్గర అని చూడండి, మూర్ఛ అంటే వాడికి తెలిసింది ఫిట్సే. హరికథల్లో, పురాణ కాలక్షేపాల్లో మూర్ఛ అంటే ఒళ్ళు తెలియకుండా పడిపోవడం, అంతే. చరక సంహిత కూడా మదం, మూర్ఛ, సన్న్యాసం అని తెలివి తప్పడంలో మూడు మెట్లు చెప్పింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుని నోట నురగ వచ్చే జబ్బుకు అక్కడ వేరే పేరుంది. అది అపస్మారం. నటరాజు పాదం కింద అణిగి ఉండే మరుగుజ్జుకూ ఆ పేరే. తెలుగు వాడుకలో ఈ రెండు మాటలూ ఎప్పుడో చోట్లు మార్చుకున్నాయి. మూర్ఛ ఫిట్సయింది. అపస్మారం కాస్తా ‘అపస్మారక స్థితి’ అయి, పత్రికల్లో ఊరికే తెలివితప్పి ఉండటానికి పేరయింది.

భాషకు ఇందులో వచ్చిన నష్టమేమీ లేదు. చిక్కంతా ఆసుపత్రి ఓపీలో. రోడ్డు మీద పడిపోయిన మనిషిని ఆటోలో వేసుకొచ్చినవాళ్ళు డాక్టరు ముందు ఒక్క మాట చెబుతారు: ‘ఫిట్సొచ్చిందండి’ అనో, ‘బీపీ డౌనైందండి’ అనో, ‘శోషొచ్చి పడిపోయిందండి’ అనో. ఆ మాట కేసు షీటు మీదికెక్కుతుంది. ఒక్కోసారి ఇరవై ఏళ్ళపాటు దిగదు. పడిపోవడం అనేది జబ్బు కాదు, అనేక జబ్బులకు ఉమ్మడి వాకిలి. ఆ వాకిట్లోంచి వచ్చింది ఎవరన్నది చెప్పగలిగేది స్కానింగు యంత్రం కంటే ముందు, పడిపోయినప్పుడు పక్కనున్న మనిషి. ఈ సంగతిని విజయవాడ పరిసరాల్లో మనుషులు పడిపోయే రకరకాల తీరుల మీదుగా చెప్పుకొస్తాను.

ముందు అన్నిటికంటే మామూలు సంగతి. మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే. గుండె తోసే రక్తంలో మాత్రం సుమారు 15 శాతం దానికే కావాలి. పైగా రేపటికని దాచుకునే అలవాటు దానికి లేదు. సరఫరా ఆరు నుంచి ఎనిమిది సెకన్లు ఆగిందంటే తెలివి తప్పుతుంది. మనం లేచి నుంచున్న ప్రతిసారీ అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ జారుతుంది. వెంటనే నరాలు రక్తనాళాలను బిగించి, గుండెను కాస్త పరుగెత్తించి, పైకి తోయిస్తాయి. కృష్ణా డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కాలువలో మట్టం తగ్గితే ముందు ఎండేది శివారు భూములే. నుంచున్న మనిషికి మెదడే శివారు. పడుకుంటే శివారూ ఎగువా ఒకే మట్టానికి వస్తాయి, నీళ్ళు వాటంతటవే పారతాయి. కింద పడటం ఒకరకంగా ఒళ్ళు తనకు తాను చేసుకునే వైద్యం.

దీన్ని కళ్ళారా చూడాలంటే దసరాల్లో ఇంద్రకీలాద్రికి వెళ్ళాలి, అందులోనూ మూలా నక్షత్రం రోజున. వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూ కొండెక్కేసరికి గంటలు గడుస్తాయి. ఎక్కువమంది ఉపవాసం, రాత్రి నిద్ర ఉండదు, రేకుల కింద ఉక్క. ఒక ఏడాది నాకు రెండు వరసల ముందు పాతికేళ్ళ అమ్మాయి నుంచుని ఉంది. మొదట రెండుసార్లు ఆవలించింది. పైపెదవి మీద చెమట పట్టింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. ‘అమ్మా, చీకటి పడుతోందేంటి’ అంది. అప్పుడు పొద్దున పదిన్నర. అని, కొంగు జారినంత మెల్లగా ఇనుప కమ్మీ పక్కన కూలబడింది. చేతులు మూడు నాలుగుసార్లు ఎగిరిపడ్డాయి. ‘ఫిట్సు ఫిట్సు, తాళాలియ్యండి’ అని ఎవరో అరిచారు. బైకు తాళం, ఇంటి తాళం, బీరువా తాళాల గుత్తి, అన్నీ వచ్చాయి. ఒకాయన ఆమెను లేపి కూర్చోబెట్టబోతే మళ్ళీ తల వాల్చేసింది. వెనక నుంచి ఒక ముసలావిడ గదమాయించింది: ‘కూర్చోబెట్టకండయ్యా, పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తండి.’ నిమిషం కూడా కాలేదు, అమ్మాయి కళ్ళు తెరిచి, ‘నా సంచేదమ్మా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నలోనే జబ్బు పేరుంది. నిజంగా ఫిట్సు వచ్చిన మనిషి లేవగానే సంచి అడగదు. పావుగంటో అరగంటో ఎక్కడున్నానో తెలియని మబ్బులో ఉంటుంది, లేదా మొద్దునిద్ర పోతుంది. ఇలా నిమిషంలో తేటగా లేచిందంటే నరాల తొందరపాటు వల్ల గుండె నెమ్మదించి, రక్తనాళాలు వదులై, పీడనం పడిపోయిందని అర్థం. 1932లో బ్రిటన్ వైద్యుడు థామస్ లూయిస్ దీనికి వేసోవేగల్ అని పేరు పెట్టాడు. రక్తం చూసినప్పుడు, సూది గుచ్చినప్పుడు, చావు కబురు విన్నప్పుడు పడిపోయేవాళ్ళదీ ఇదే కథ. ఆగస్టు 15న ఎండలో పరేడుకు నుంచున్న బడిపిల్లలదీ ఇదే. తాళాలకు మాత్రం పేరొచ్చింది. నిమిషంలో దానంతటదే పోయే దానికి చివర్లో ఏం చేస్తే అదే మందవుతుంది. తాళం కాకుండా ఆ చేతిలో కొబ్బరిచిప్ప పెట్టినా లేచేది.

మరి చేతులు కొట్టుకున్నాయి కదా అంటారు. ఇక్కడే మనలో చాలామందీ, కొంతమంది డాక్టర్లూ పొరపడేది. జర్మనీలో లెంపర్ట్ అనే నరాల వైద్యుడూ, ఆయన సహచరులూ ఆరోగ్యవంతులైన వాలంటీర్లను వాళ్ళ ఇష్టంతోనే స్పృహ తప్పించి వీడియో తీశారు. గొంతుకూర్చుని గబగబా ఊపిరి తీసి, చటుక్కున లేచి, ఊపిరి బిగబట్టడం, ఇదీ పద్ధతి. 1994లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం పూర్తిగా తెలివితప్పినవాళ్ళు 42 మంది. వాళ్ళలో 90 శాతం మందికి కాళ్ళో చేతులో ఎగిరిపడ్డాయి. చాలామందికి కళ్ళు తెరిచే ఉన్నాయి, గుడ్లు పైకి తిరిగాయి. అంటే కొట్టుకోవడం ఒక్కటే చూసి ఫిట్సు అనడానికి లేదు. మామూలు సొమ్మలో ఆ ఎగిరిపాటు కొద్ది సెకన్లే, తాళం తప్పి ఉంటుంది, అదీ పడిపోయాక మొదలవుతుంది. ఫిట్సులో ఒళ్ళు కొయ్యబారి, ఆపైన ఒక లయలో నిమిషమో రెండు నిమిషాలో కొట్టుకుంటుంది. ముఖం పాలిపోదు, నీలం తిరుగుతుంది. నాలుక పక్కన, దవడ పళ్ళ కింద తెగుతుంది. ఉచ్చ పడటం మాత్రం రెండింట్లోనూ ఉంటుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

ఈ తేడా తెలియకపోవడం వల్ల ఆడపిల్లల బతుకులు ఎలా తిరిగిపోతాయో పెళ్ళి సంబంధాలు చూసినవాళ్ళకు తెలుసు. బడి ప్రార్థనలో ఒకసారి పడిపోయిన పిల్లకు ఊళ్ళో ‘ఫిట్సుపిల్ల’ అని పేరు పడుతుంది. ఏళ్ళ తరబడి మాత్రలు. సంబంధం వచ్చినప్పుడు దాచడం, తర్వాత బయటపడటం. చట్టం కూడా చాలాకాలం ఈ భయానికే వంతపాడింది. హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ వచ్చే మూర్ఛ జబ్బు పెళ్ళికి అడ్డుగా రాసి ఉండేది. 1999 సవరణలో గానీ దాన్ని తీసేయలేదు. అసలు ఫిట్సు ఉన్నా పెళ్ళికి అడ్డేమిటన్నది వేరే ప్రశ్న. లేని జబ్బుకు ఈ శిక్ష ఏమిటన్నది అంతకంటే ముందు ప్రశ్న.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత బెజవాడలో సామెతలా ఉండదు, వాతావరణ సూచనలా ఉంటుంది. మేలో 44, 45 డిగ్రీలు ఇక్కడ కొత్త కాదు. దానికితోడు సముద్రపు తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండలో పడిపోయిన ప్రతివాళ్ళకూ వడదెబ్బ అనేస్తాం, కానీ రెండు రకాలున్నాయి. చెమటలు కక్కి, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి కళ్ళు తిరిగి పడినవాడి ఒళ్ళు తడిగా, చల్లగా ఉంటుంది. నీడలో పడుకోబెట్టి, లేచాక ఉప్పువేసిన మజ్జిగ ఇస్తే సర్దుకుంటాడు. అసలు వడదెబ్బ అది కాదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, ఒళ్ళు పెనంలా కాలుతూ, సంధిమాటలు మాట్లాడుతూ, పిలిస్తే పలకడు. పడుకోబెడితే తేరుకోడు. 108 వచ్చేలోపు బిందెలతో నీళ్ళు పోసి విసరాలి, ఆ పావుగంటలోనే ప్రాణం ఉంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్ళలో ఎంతమందిని ‘కాసేపు పడుకుంటే లేస్తాడు’ అని చెట్టుకింద వదిలారో లెక్క లేదు.

అరవై దాటినవాళ్ళు పడిపోతే ముందు వెతకాల్సింది మాత్రల డబ్బా. బీపీకి అమ్లోడిపిన్, ప్రోస్టేటుకు టామ్సులోసిన్, కాళ్ళవాపుకు నీరు తీసే మాత్ర. మూడూ ముగ్గురు డాక్టర్లు రాసినవి, ఒకరి చీటీ ఇంకొకరు చూడనివి. పెద్దాయన రాత్రి రెండింటికి మంచం మీద నుంచి దిగ్గున లేచి, బాత్రూములో నుంచుని ఉచ్చపోస్తూ అక్కడే కూలిపోతాడు. తుంటి విరిగితే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. కింద పడటానికి ముందు తెలివి తప్పిందా అని అడిగేవాళ్ళుండరు. పడుకున్నప్పుడు ఒకసారి, నుంచున్న మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూస్తే పై అంకె 20 పడిపోయిందో లేదో తెలుస్తుంది. ఖర్చు లేని పరీక్ష కాబట్టే కాబోలు, దీన్ని చేసేవాళ్ళు తక్కువ. పడిపోయినవాళ్ళకు ముందుగా మెదడు స్కానింగు రాయడం అలవాటైపోయింది. మామూలు సొమ్మలో దానివల్ల తేలేది దాదాపు ఏమీ ఉండదు. చేయవలసినవి మూడే: జరిగింది విడమరచి అడగడం, పడుకోబెట్టి నుంచోబెట్టి బీపీ చూడటం, ఒక ఈసీజీ.

షుగరు డౌనవడం వేరు. కార్తీక సోమవారం ఉపవాసముంటూ గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మానని పిన్నిగార్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళు ఒక్కసారిగా పడరు. ముందు చెమట, వణుకు, ఆకలి, తర్వాత అర్థంలేని కోపం, తడబడే మాట. పడుకోబెట్టినంత మాత్రాన తేరుకోరు. మింగగలిగితే పంచదార నీళ్ళు, మింగలేకపోతే ఆసుపత్రి. తెలివి లేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఒక పక్కమాట. మన సినిమాల్లో హీరోయిన్ కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరు వచ్చి, నాడి పట్టుకుని, నవ్వుతూ చేతులు తుడుచుకుంటాడు. ఆ దృశ్యంలో కొంత శాస్త్రం లేకపోలేదు. తొలి నెలల్లో రక్తనాళాలు వదులై పీడనం తగ్గుతుంది. కానీ నెల తప్పిన మనిషి పొత్తికడుపు నొప్పితో కళ్ళు తిరిగి పడితే అది శుభవార్త కాకపోవచ్చు. గర్భం ట్యూబులో నిలిచి పగిలి, లోపల రక్తం కారుతూ ఉండొచ్చు. నవ్వడానికి ముందు స్కాన్ తీయించాలి.

అన్నిటిలోకీ భయపడవలసింది గుండె. అది ఆవలింతలతో, చెమటలతో ముందు కబురు పెట్టదు. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో తెగిపోయి దబ్బున పడతాడు, ముఖం పగులుతుంది. చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు. కూర్చుని ఉండగా, పడుకుని ఉండగా తెలివి తప్పినా గుండెనే అనుమానించాలి. కానిస్టేబుల్ ఎంపికకు 1600 మీటర్లు పరుగెత్తే కుర్రాడు గీత దాటి ఆగాక పడిపోతే చాలావరకు కాళ్ళలో నిలిచిన రక్తం పని. పరుగు మధ్యలో పడిపోతే మాత్రం గుండె కండరం మందమై ఉందేమో, దాని కరెంటు తప్పుతోందేమో చూడకుండా మళ్ళీ ట్రాకు మీదికి పంపకూడదు. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో నిద్రలోనే పోయి ఉంటే ఆ మాట డాక్టరుకు అడగకుండానే చెప్పాలి. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి కవాటం చెడినవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. కవాటం సన్నబడితే మెట్లెక్కేటప్పుడు కళ్ళు తిరుగుతాయి.

గుండెలో కరెంటు పైగది నుంచి కిందిగదికి దిగకపోతే నాడి ముప్పైకి పడిపోతుంది, మధ్యలో కొన్ని సెకన్లు అసలే ఆగుతుంది. స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయన ఇలా రోజుకు ఇరవై ముప్పైసార్లు తెలివి తప్పేవాడు. 1958 అక్టోబరులో ప్రపంచంలోనే మొదటిసారి ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ ఆయనకే. తర్వాత రెండు డజన్ల పైగా యంత్రాలు మార్చుకుంటూ, ఆ పరికరం చేసిన ఇంజినీరు కంటే, అమర్చిన సర్జన్ కంటే ఎక్కువకాలం బతికి, 2001లో 86వ ఏట పోయాడు. ఆ చికిత్స ఇవాళ మన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం జాబితాలో ఉంది. ఆ జాబితా దాకా చేరాలంటే మాత్రం ‘నాన్నకు అప్పుడప్పుడు ఫిట్సొస్తాయి’ అన్న మాట దగ్గరే ఆగిపోకూడదు. పడిపోయినప్పుడు ఎవరో ఒకరు మణికట్టు పట్టుకుని నాడి చూడాలి.

తెలివి తప్పినట్టు కనిపించి, తప్పనివీ ఉన్నాయి. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు పెరిగి మోపిదేవిలో సర్పశాంతి యాగం చేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. కట్లపాము విషం కండరాలను పడగొడుతుంది. రెప్పలు లేవవు, నోరు పెగలదు, చెయ్యి కదలదు. కానీ మనిషికి అన్నీ వినపడుతుంటాయి. పక్కన కూర్చుని ఆశ వదిలేసుకున్న మాటలు మాట్లాడకూడదనేది అందుకే. పూనకాలు, ‘గాలి సోకడాలు’ ఇంకో దారి. అక్కడ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాయి, రెప్ప ఎత్తబోతే బిగిస్తారు. అది నటన కాదు, మనసు పడే బాధ ఒంటి మీదికి రావడం. వెక్కిరించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

డెల్టాలో పడిపోవడానికి ఇంకో పెద్ద కారణం పొలంలో ఉంది. పైరుకు మందు కొట్టి ఇంటికొచ్చిన మనిషి వాకిట్లోనే తూలి పడతాడు. ‘మందు వాసన పడలేదు’ అంటారు. ఆర్గానోఫాస్ఫేటు మందుల పని అది. చొంగ, కన్నీళ్ళు, చెమట, విరేచనం, సూదిమొనంత కంటిపాప. ఆ కంటిపాపను చూసినవాళ్ళు చెబితే ఆసుపత్రిలో అట్రోపిన్ వెంటనే మొదలవుతుంది. గాలిలోంచి వచ్చే విషం ఇంకా వేగం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచినప్పుడు జనం పరుగెత్తుతూ రోడ్డు మీదే వాలిపోయారు. 12 మంది పోయారు.

అదే ఏడు డిసెంబరులో ఏలూరు. కృష్ణ నుంచి వచ్చే కాలువా, గోదావరి నుంచి వచ్చే కాలువా కలిసే ఊరది. 5వ తేదీ శనివారం రాత్రి వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధి చుట్టుపక్కల, మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. తెల్లారేసరికి ప్రభుత్వాసుపత్రి నిండింది. కొత్తపేట, అశోక్‌నగర్, అరుంధతిపేట, తర్వాత చుట్టుపక్కల పల్లెలు. వారం తిరక్కుండానే బాధితులు ఆరువందలకు చేరారు. కొంతమందిని విజయవాడకు పంపారు. అధికారిక లెక్కలో ఒకరు చనిపోయారు. కరోనా కాలం, అప్పటికే జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. పత్రికలు దానికి ‘వింత వ్యాధి’ అని పేరు పెట్టాయి.

కానీ మొదటి రెండు రోజుల్లో, ల్యాబు నుంచి ఒక్క కాగితం రాకముందే, తెలిసినవి చూడండి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఫిట్సు, అదీ చాలామందికి ఒక్కసారే. కాసేపు ఏదీ గుర్తుండకపోవడం, ఆందోళన, వాంతి, తలనొప్పి, నడుంనొప్పి. గంటల్లో తేరుకుని ఇంటికెళ్ళిపోవడం. వయసుతో, ఆడామగాతో నిమిత్తం లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటడం లేదు. మున్సిపల్ నీళ్ళు తాగనివాళ్ళకూ వచ్చింది. ఇవన్నీ చెప్పింది యంత్రాలు కాదు, పక్కనున్నవాళ్ళు. మెదడువాపు వైరస్ అయితే ఇంత సులువుగా విడిచిపెట్టదు. భయంతో వచ్చే సామూహిక సొమ్మ అయితే ఇన్ని వయసుల వాళ్ళను ఇలా ఐదేసి నిమిషాలు కొట్టదు. నరాలను రేపి, త్వరగా దిగిపోయే విషమేదో అయి ఉండాలన్న దారి ఆ వివరాల్లోనే కనిపిస్తోంది. సీటీ స్కాన్లు, వెన్నునీటి పరీక్షలు మామూలుగా వచ్చాయి.

7న ముఖ్యమంత్రి వచ్చి వెళ్ళారు. అప్పటి వైద్యారోగ్య శాఖ మంత్రి ఆ ఊరి ఎమ్మెల్యేనే. ఢిల్లీ ఎయిమ్స్ రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని చెప్పింది, అందరూ సీసం వైపు తిరిగారు. సీసం అయితే ఇలా ఒక రాత్రిలో వచ్చి మర్నాడు పోవడం దాని స్వభావం కాదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, మరికొన్ని సంస్థలు రంగంలోకి దిగాయి. 16వ తేదీన ఎయిమ్స్, పోషకాహార సంస్థల నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ముఖ్యమంత్రికి చెప్పారు. పురుగుమందుల్లో ఆర్గానోక్లోరిన్ల జాతి నరాలను రేపి ఫిట్సు తెప్పిస్తుంది, నేలలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఆర్గానోఫాస్ఫేట్లు తొందరగా విరిగిపోతాయి, ఆలస్యంగా వెతికితే జాడ దొరకదు.

పురుగుమందే అని తేలింది గానీ అది ఒంట్లోకి ఎలా వెళ్ళిందో తేలలేదు. కూరగాయల మీదా, నీళ్ళలోనా, పాలలోనా? నిపుణులు దిగాక బజారు నుంచి కూరగాయలు, ఇళ్ళ నుంచి నీళ్ళు, మనుషుల నుంచి రక్తం పట్టుకెళ్ళారు. శనివారం రాత్రి వన్‌టౌన్‌లో ఎవరింట్లో ఏం వండారో, ఆ కూర ఏ బండి మీద కొన్నారో, అదే కూర తిని పడిపోనివాళ్ళెవరో ఆ రాత్రే అడిగి రాసుకుని ఉండాల్సింది. బృందాలు వచ్చేసరికి ఆ గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి.